రేపటి గల్లా ఎంత? – హోటల్ అమ్మకాల అంచనాపై పాఠకుల సందేహాలకు జవాబులు

ప్రశ్న: మేము హనుమకొండలో సొంతంగా ఒక నాన్‌వెజ్ రెస్టారెంట్ పెట్టబోతున్నాం. పన్నెండు టేబుళ్లు, 48 సీట్లు. మధ్యాహ్నం, రాత్రి మాత్రమే నడుపుతాం. బ్యాంకుకు ఇవ్వాల్సిన ప్రాజెక్టు రిపోర్టులో మా ఆడిటర్ గారు 48 సీట్లు రోజుకు నాలుగుసార్లు నిండుతాయని, మనిషికి 200 రూపాయల బిల్లు అవుతుందని వేసి, నెలకు 11,52,000 రూపాయల అమ్మకం చూపించారు. మా మామగారు చాలా ఏళ్లు మెస్ నడిపిన మనిషి. ఆయన ఆ కాగితం చూసి, “ఇది కాగితం మీది గిరాకీ, కౌంటర్ మీది కాదు” అన్నారు. ఎవరి మాట నమ్మాలి? ఇంకా తెరవని హోటల్‌కు అమ్మకం ఎంతని వేసుకోవాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ మామగారి మాటే నమ్మండి, కానీ ఆడిటర్ గారిని తప్పుపట్టకండి. ఆయన గుణకారం సరిగ్గానే ఉంది, గుణించిన అంకెలతోనే చిక్కు. వచ్చే మనుషుల లెక్క బాగా ఎక్కువ వేశారు, మనిషికయ్యే బిల్లు కొంచెం తక్కువ వేశారు. ఒక తప్పు ఇంకో తప్పును సరిచేస్తుందిలే అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే మీ విషయంలో మొదటిది చాలా పెద్దది.

ముందు సీట్ల సంగతి చూద్దాం. నలుగురు కూర్చునే టేబుల్ దగ్గరికి మన ఊళ్లలో ఇద్దరో ముగ్గురో వస్తారు, పక్కన ఖాళీ ఉన్నా ముక్కూమొహం తెలియనివారితో కలిసి కూర్చోవడానికి ఇష్టపడరు. మెస్‌లో అలా కలిపి కూర్చోబెట్టడం చెల్లుతుంది గానీ కుటుంబాలు వచ్చే రెస్టారెంట్‌లో చెల్లదు. పన్నెండు టేబుళ్లూ నిండి, గుమ్మం దగ్గర ఇద్దరు నిలబడి ఉన్న సమయంలో లోపల తలలు లెక్కపెట్టి చూడండి, 30 నుంచి 33 మందే ఉంటారు. కాబట్టి మీ హోటల్ నిండడమంటే 48 కాదు, 32 అనుకోండి. ఇక నాలుగుసార్లు నిండడం అనేది గడియారం ముందు నిలబడదు. ఆదివారం మధ్యాహ్నం అసలు రద్దీ ఒంటిగంట నుంచి రెండున్నర వరకే. బిర్యానీ తినే కుటుంబం చేతులు కడుక్కుని లేచేసరికి ముప్పావుగంట పడుతుంది. ఆ గంటన్నరలో టేబుళ్లు రెండుసార్లు మారితే 64 మంది, దానికి ముందూ వెనకా వచ్చేవారు ఇంకో 20 మంది, వెరసి 85 మంది దాకా వస్తారు. ఇది ఆదివారం మాట. మంగళవారం మధ్యాహ్నం ఇందులో సగం వస్తే గొప్ప.

నాన్‌వెజ్ హోటల్‌కు వారం అంటే ఆఫీసు దినాలు, సెలవు దినాలు అనే రెండు ముక్కలు కాదు. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వేంకటేశ్వరస్వామికి ఇచ్చేసిన ఇళ్లు మన చుట్టూ ఎన్నో ఉంటాయి. ఒక బృందంలో అయిదుగురు ఉంటే, వారిలో ఒక్కరు ఆ రోజు ముట్టకపోయినా ఆ అయిదుగురూ ఇంకో హోటల్‌కు వెళ్లిపోతారు. శనివారం మధ్యాహ్నం నెమ్మదిగా ఉన్నా రాత్రి సెలవు ముంగిట కాబట్టి కొంత లేస్తుంది. అందుకే మీ లెక్కలో రోజులను మూడు రకాలుగా విడదీయండి: మందకొడిగా నడిచే సోమ, మంగళ, గురువారాలు ఒక రకం, మధ్యస్థమైన బుధ, శుక్ర, శనివారాలు ఇంకో రకం, ఆదివారం దానంతట అది ఒక రకం.

మనుషుల సంఖ్య ఎక్కడినుంచి తేవాలంటారా, ఊహలోంచి మాత్రం వద్దు. మీరు పెట్టబోయే చోటికి కిలోమీటరు లోపల, మీ ధరలకు దగ్గరగా ఉన్న హోటళ్లు రెండు మూడు ఎంచుకోండి. మంగళ, శుక్ర, ఆదివారాల్లో ఎదురుగా కూర్చుని, పావుగంటకోసారి లోపలికి వెళ్లినవారిని, పార్సిల్ కవర్లతో బయటికి వచ్చినవారిని వేరువేరుగా గీతలు గీసి లెక్కపెట్టండి. నేను ఒక మిత్రుడి కోసం ఇలాగే ఒక టీ కొట్టు బల్ల మీద రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. రెండో రోజు టీ కొట్టాయన గ్లాసు చేతికిస్తూ, “ఇన్‌కంటాక్సా సార్?” అని మెల్లిగా అడిగాడు. ఆ రెండు రోజుల గీతలు చూశాక మా మిత్రుడు తన అంచనాను సగానికి తగ్గించుకున్నాడు.

ఇంకో ఉపాయం ఉంది. చాలా హోటళ్ల బిల్లులకు వరుస సంఖ్యలుంటాయి. మధ్యాహ్నం తలుపులు తీయగానే ఒక చిన్న పార్సిల్ తీసుకోండి, రాత్రి కట్టేసే ముందు ఇంకోటి తీసుకోండి. మొదటి బిల్లు 211, చివరిది 288 అయితే ఆ రోజు ఆ హోటల్‌లో దాదాపు 77 బిల్లులు తెగాయన్నమాట. టేబుల్‌కు సగటున ఎంతమంది కూర్చుంటున్నారో మీ గీతలు చెబుతాయి కాబట్టి, ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే మనుషుల సంఖ్య ఇంచుమించుగా దొరుకుతుంది. ఇందులో దొంగతనమేమీ లేదు, పోటీదారులు మీ హోటల్ తెరిచాక మీకూ ఇదే చేస్తారు.

మనిషికయ్యే బిల్లును మెనూలో ధరలన్నీ కలిపి భాగించి తీయకూడదు, ఎవరేం తింటారో వేసి తీయాలి. మామూలు రోజు మధ్యాహ్నం వందమంది వస్తే, వారిలో 70 మంది 150 రూపాయల మీల్స్ తింటారనీ, 20 మంది 240 రూపాయల బిర్యానీ తింటారనీ, 10 మంది 160 రూపాయల ఫ్రైడ్ రైస్‌లాంటివి తింటారనీ అనుకుందాం. అది 10,500, 4,800, 1,600 కలిసి 16,900 అయింది. పదిమందికొకరు 220 రూపాయల స్టార్టర్ చెబితే 2,200. మొత్తం 19,100, అంటే తలకు 191 రూపాయలు. 190 అని పెట్టుకోండి. రాత్రి కుటుంబాలు వస్తాయి, స్టార్టర్లు ఎక్కువగా పోతాయి కాబట్టి 260, ఆదివారం మధ్యాహ్నం 240 వేయవచ్చు. ఇవి నా అంకెలు, మీ మెనూతో మీరు మళ్లీ వేసుకోవాలి. ఒక్క జాగ్రత్త చెబుతాను. మెనూ ధరలోనే పన్ను కలిపి ఉంటే 200 రూపాయల్లో మీ అమ్మకం 190 రూపాయల 48 పైసలే, మిగతాది అయిదు శాతం జీఎస్టీ. అది మీ గల్లాలో కాసేపు ఆగి వెళ్లే డబ్బు.

ఇప్పుడు లెక్క కడదాం. మందకొడి రోజున మధ్యాహ్నం 40 మంది, రాత్రి 35 మంది వస్తే 7,600కు 9,100 కలిపి 16,700 రూపాయలు. మధ్యస్థమైన రోజున 50 మంది, 60 మంది వస్తే 9,500కు 15,600 కలిపి 25,100. ఆదివారం 85 మంది, 90 మంది వస్తే 20,400కు 23,400 కలిపి 43,800. నాలుగు ఆదివారాలున్న 30 రోజుల నెలలో మిగతా రెండు రకాలూ పదమూడేసి రోజులు వచ్చాయనుకుంటే 2,17,100, 3,26,300, 1,75,200 కలిసి 7,18,600 రూపాయలు. రోజుకు 20 పార్సిళ్లు 180 రూపాయల చొప్పున పోతే మరో 1,08,000. వెరసి 8,26,600. ఆడిటర్ గారి అంకెకు ఇది మూడు లక్షల పాతికవేలు తక్కువ. ఒక మందకొడి రోజు స్థానంలో అయిదో ఆదివారం వచ్చిన నెలలో దీనికి 27,100 కలుస్తుంది. అందుకే “గత నెల కంటే ఈ నెల పెరిగింది” అని సంబరపడే ముందు క్యాలెండర్‌లో ఎర్ర అంకెలు లెక్కపెట్టుకోవాలి.

ఇది కుదురుకున్నాక వచ్చే అమ్మకం. తెరిచిన మొదటి పదిహేను రోజులూ చుట్టాలు, స్నేహితులు, కొత్తది ఎలా ఉందో చూద్దామని వచ్చేవారు కలిసి గల్లా నింపుతారు, దాన్ని చూసి వడ్డించడానికి ఇద్దరు సప్లయర్లను అదనంగా పెట్టుకుని దెబ్బతిన్నవారిని నేను ఎరుగుదును. ఆ గుంపు పోయాక అయిదో వారం నుంచి వచ్చేదే మీ అసలు గిరాకీ. రెండు నుంచి నాలుగో నెల వరకు పై అంకెలో 60 శాతమే వస్తుందని, ఆ తర్వాత మెల్లగా ఎక్కుతుందని వేసుకోవడం నా పద్ధతి. అద్దె 60,000, జీతాలు 1,80,000, కరెంటు 35,000, బ్యాంకు కిస్తీ 25,000 కలిసి మీ స్థిర ఖర్చు 3 లక్షలనీ, సరుకులు, గ్యాస్, ప్యాకింగ్ పోగా అమ్మిన రూపాయిలో 55 పైసలు మిగులుతాయనీ అనుకుందాం. అప్పుడు లాభం, నష్టం లేకుండా నిలబడటానికి నెలకు సుమారు 5,45,000 అమ్మాలి, రోజుకు 18,200 అన్నమాట. 60 శాతం నడిచిన నెలలో అమ్మకం 4,96,000 కాబట్టి చేతినుంచి 27 వేల పైచిలుకు పడుతుంది. ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారో రుణం కోసం బ్యాంకుకు వెళ్లకముందే మీరు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. బ్యాంకుకు మధ్యస్థ అంచనా ఇవ్వండి, ఇంటి ఖర్చులను మాత్రం తక్కువ అంచనా మీద నడపండి.

మీ ఊరికి ప్రత్యేకమైనవి రెండున్నాయి. యూనివర్సిటీ, ఎన్‌ఐటీ, ప్రైవేటు హాస్టళ్ల పిల్లల మీద ఆధారపడే చోట హోటల్ పెడితే వేసవి సెలవుల నెలను మిగతా నెలలతో కలిపి సగటు తీయకండి, దానికి వేరే గడి ఉండాలి. రెండోది మేడారం. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. ఆ దారిన పోయే జనం మీ రోడ్డు మీదుగా వెళ్తే ఆ వారం అమ్మకానికి ఏ లెక్కా అందదు. ఆ మరుసటి ఏడాది అదే నెలలో అమ్మకం పడిపోయిందని వంట మాస్టర్‌ను నిందించిన యజమానులూ ఉన్నారు.

చివరగా ఒక మాట. ఆదివారం మీ అమ్మకానికి హద్దు సీట్లు కాకపోవచ్చు, బిర్యానీ హండీ కావచ్చు. రెండుంబావుకు హండీ అడుగు కనిపించి, “బిర్యానీ అయిపోయింది” అని చెప్పడం మొదలుపెట్టాక వెనక్కి వెళ్లినవారు ఏ బిల్లులోనూ ఉండరు. కౌంటర్ దగ్గర ఒక చిన్న పుస్తకం పెట్టి, వెనక్కి పంపిన ప్రతి బృందానికీ ఒక గీత గీయించండి. మూడు నెలలు తిరిగేసరికి ఇంకో హండీ దించాలా వద్దా అన్నది ఆ పుస్తకమే చెబుతుంది.

ప్రశ్న: భీమవరంలో మాకు మూడేళ్లుగా నాన్‌వెజ్ రెస్టారెంట్ ఉంది. 2024లో అక్టోబరు బ్రహ్మాండంగా నడిచింది, నవంబరు నెలంతా బేరం పడిపోయింది. దాన్ని ఆధారం చేసుకుని, నిరుటి అంకెకు పది శాతం కలిపి 2025 అక్టోబరు, నవంబరు నెలలకు సరుకు ఏర్పాట్లు చేశాను. అక్టోబరు చివరి పదిరోజులు ఘోరంగా దెబ్బతిన్నాం, తెచ్చిన సరుకు పారబోశాం. నవంబరు చివర జనం వస్తే వండటానికి రెండో మాస్టర్ లేడు, పని లేదని నేనే పంపించాను. లెక్క ఎక్కడ తప్పింది?
– ఒక హోటల్ యజమాని, భీమవరం

జవాబు: లెక్క తప్పలేదండీ, క్యాలెండర్ తప్పింది. మీరు ఇంగ్లీషు నెలలను నెలలతో పోల్చారు, మీ ఖాతాదారులు తిథులను బట్టి తింటారు. కార్తీకమాసం 2024లో నవంబరు 2న మొదలై డిసెంబరు 1న ముగిసింది, అందుకే నవంబరు మొత్తం పోయింది. 2025లో అదే మాసం అక్టోబరు 22నే వచ్చి నవంబరు 20కి అయిపోయింది. మీరు చెప్పిన అక్టోబరు చివరి పదిరోజులు, నవంబరు చివర జనం అన్నవి ఆ తేదీలతో అచ్చుగుద్దినట్టు సరిపోతున్నాయి.

మన చాంద్రమాన సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే సుమారు పదకొండు రోజులు చిన్నది. అందువల్ల తిథిని బట్టి వచ్చే పండుగలు ఏటేటా ముందుకు జరుగుతూ, అధికమాసం వచ్చిన ఏడాది ఒక్కసారిగా వెనక్కి వెళతాయి. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి కార్తీకం నవంబరు 10న మొదలవుతుంది. 2023లోనూ అధిక శ్రావణం వచ్చింది, ఆ ఏడు కార్తీకం నవంబరు 14న మొదలైంది. కాబట్టి 2026 అంచనాకు మీకు కావాల్సింది నిరుటి పుస్తకం కాదు, 2023 పుస్తకం. అప్పటి చిట్టా ఉంటే అటక మీద నుంచి దించండి. సంక్రాంతికి ఈ చిక్కు లేదు. అది సూర్యుడి లెక్క, జనవరి 14, 15 తేదీలు దాటదు. మీ ఊళ్లో ఆ నాలుగు రోజులూ లాడ్జీల్లో గది దొరకదు కాబట్టి ఆ వారాన్ని ఏడాదికేడాది నేరుగా పోల్చవచ్చు. రంజాన్‌కు అధికమాసం సవరణ లేదు, అది ఏటా పది పదకొండు రోజులు ముందుకే వస్తుంది.

ఇప్పుడు ఒక్క ఆదివారాలనే తీసుకుని 2026 నవంబరును వేసి చూద్దాం. మీ చిట్టాలో మామూలు ఆదివారం 62,000, కార్తీక ఆదివారం 34,000 ఉందనుకోండి. అంటే మామూలులో 55 శాతం. 2025 నవంబరులో ఆదివారాలు అయిదు: 2, 9, 16 తేదీలు కార్తీకంలో పడ్డాయి, 23, 30 బయట పడ్డాయి. 2026 నవంబరులోనూ ఆదివారాలు అయిదే: 1, 8 తేదీలు కార్తీకానికి ముందు, 15, 22, 29 కార్తీకంలో. రెండేళ్లకూ మొత్తం 2,26,000 రూపాయలే వస్తుంది! నెల మొత్తం చూసేవారికి రెండు నవంబర్లూ కవలల్లా కనిపిస్తాయి. కానీ ఒకదాంట్లో బేరం నెల చివర ఉంది, ఇంకోదాంట్లో నెల మొదట ఉంది. సరుకు, మనుషులు, గ్యాస్ బండలు నెల మొత్తానికి ఒకేసారి తెచ్చుకునేవి కావు కదా. అందుకే హోటల్‌కు అంచనా నెలవారీగా కాదు, రోజువారీగా వేయాలని నేను పట్టుబడతాను. (8వ తేదీ దీపావళి కూడా. లక్ష్మీపూజ చేసే ఇళ్లు ఆ రోజు ముట్టవు కాబట్టి ఆ ఆదివారానికి పూర్తి అంకె వేయకండి.) కార్తీకం దాటినా అయ్యప్ప మాలల కాలం సంక్రాంతి దాకా సాగుతుంది. ఇంట్లో ఒకరు మాల వేసుకుంటే ఆ ఇంట్లో మిగతావారూ హోటల్‌కు రావడం తగ్గిస్తారు. డిసెంబరు అంకె మామూలుకు రాకపోతే అది మీ వంట లోపం కాదు.

శాకాహారం బేరం వేరే వరుసలో రాయండి. కార్తీకంలో కొందరు రావడమే మానేస్తారు. ఇంకొందరు వచ్చి పనీర్ బిర్యానీ తిని వెళతారు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా చేయగలరా అని అడుగుతారు. మొదటివారి వల్ల మనుషుల సంఖ్య తగ్గుతుంది, రెండోవారి వల్ల మనిషికయ్యే బిల్లు తగ్గుతుంది. మొత్తం అమ్మకం ఒక్కటే రాసుకున్నవాడికి ఈ రెండింటిలో ఏది జరిగిందో తెలియదు, ఏది సరిచేయాలో అంతకన్నా తెలియదు.

ఇంకొకటి. మీ జిల్లాలో 2025 ఫిబ్రవరి అంకెను దేనికీ ఆధారంగా వాడకండి. ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లు చనిపోయిన నెల అది, చికెన్ ముట్టడానికి జనం భయపడ్డారు. ఆ పేజీ అంచున ఎర్ర సిరాతో కారణం రాసి, దాని స్థానంలో జనవరి, మార్చి నెలల్లోని మామూలు రోజుల సగటు వేసుకోండి. అలాగే ఆ ఏడాది విజయదశమి అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడే వచ్చింది. మాంసం దుకాణాలు మూసి ఉండే రోజున దసరా పడటం తరచూ జరిగేది కాదు, ఆ రోజు గల్లాను వచ్చే దసరాకు కొలతగా తీసుకుంటే మళ్లీ మోసపోతారు.

చేయవలసింది చిన్న పనే. చిట్టాలో తేదీ పక్కన వారం, మాసం, తిథి, ఆ రోజు విశేషం, వచ్చిన మనుషులు, పార్సిళ్లు, మొత్తం అమ్మకం రాయండి. మరుసటి వారానికి ముందే ఒక అంచనా రాసి పెట్టి, సోమవారం పొద్దున మాస్టర్‌ను కూర్చోబెట్టుకుని రెండు అంకెలూ చూడండి. పది శాతం లోపు తేడా ఉంటే ముందుకు సాగండి, అంతకు మించితే కారణం ఒక్క వాక్యంలో రాయండి. “వాన”, “పక్క వీధిలో పెళ్లి”, “కరెంటు పోయింది” లాంటి మాటలే చాలు. ఏడాది తిరిగేసరికి ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేని పంచాంగం మీ దగ్గర ఉంటుంది.

ప్రశ్న: విశాఖపట్నంలో చిన్న బిర్యానీ పాయింట్ నడుపుతున్నాను. ఫుడ్ యాప్‌లో గత నెల 1,90,000 రూపాయల అమ్మకం చూపించారు, బ్యాంకులో మాత్రం లక్షా ఇరవై వేల చిల్లర పడింది. వచ్చే నెలల అంచనాలో ఏ అంకె వేయాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ రెండూ కాదు, మధ్యలో ఇంకో అంకె ఉంది. యాప్ పంపే నెలవారీ వివరం దించుకుని పై నుంచి కిందికి చదవండి. మెనూ ధరల మొత్తం 1,90,000లో మీ వాటాగా ఇచ్చిన డిస్కౌంట్లు 22,000 ఉంటే మీ అమ్మకం 1,68,000 మాత్రమే. ఇచ్చేసిన తగ్గింపు ఎప్పుడూ అమ్మకం కాదు. దీని మీద 24 శాతం కమీషన్ 40,320, ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ దాదాపు 7,258 పోగా 1,20,422 మిగులుతుంది. మీ బ్యాంకులో పడింది ఇంచుమించు ఇదే అయి ఉండాలి. యాప్ ప్రకటనలకు డబ్బు పెట్టి ఉంటే అదీ ఇక్కడే కోతపడుతుంది. మీ ఒప్పందంలో కమీషన్ శాతం వేరుగా ఉంటే ఆ అంకెతోనే వేయండి.

అమ్మకాల అంచనాలో 1,68,000 వేయండి, కమీషన్‌ను ఖర్చుల్లో చూపండి, చేతికొచ్చే నగదు లెక్కలో 1,20,422 పెట్టుకోండి. ఈ మూడింటినీ ఒకే గడిలో కలిపేసినవారే కమీషన్‌ను రెండుసార్లు తీసేయడమో, అసలు తీయకపోవడమో చేస్తుంటారు. తిండికి ఖాతాదారు కట్టే అయిదు శాతం జీఎస్టీని 2022 జనవరి 1 నుంచి యాప్ సంస్థే ప్రభుత్వానికి కడుతోంది కాబట్టి అది మీ అమ్మకంలోకి రాదు. రిటర్నుల్లో దాన్ని ఏ గడిలో చూపాలో మీ ఆడిటర్ గారిని అడగండి, అదొక్కటీ ఇక్కడ తేల్చేది కాదు.

అంచనా వేసేటప్పుడు రూపాయలను కాదు, ఆర్డర్లను లెక్కించండి. రోజుకు ఎన్ని ఆర్డర్లు, డిస్కౌంటు పోగా ఆర్డరుకు ఎంత అన్నవి రెండు వేర్వేరు వరుసలు. డిస్కౌంటు పెంచిన వారం ఆర్డర్లు లేచి, ఆర్డరు విలువ పడి, మొత్తం అక్కడే ఉంటుంది. పని మాత్రం పెరుగుతుంది, డబ్బాల ఖర్చూ పెరుగుతుంది. యాప్ మీద పెరిగిన ప్రతి ఆర్డరూ కొత్త బేరం కాదన్నది గుర్తుంచుకోండి. మీ వీధి చివర ఉండే కుర్రవాడు నిరుడు నడిచి వచ్చి పార్సిల్ తీసుకెళ్లేవాడు, ఇప్పుడు అదే బిర్యానీ ఫోన్‌లో నొక్కి తెప్పించుకుంటున్నాడు. కౌంటర్ పార్సిళ్లు ఎంత తగ్గాయో పక్కన రాసుకోకపోతే, పెరుగుదల ఎంతో మీకు ఎప్పటికీ తెలియదు. మీది సముద్రతీరపు ఊరు, వాయుగుండం పట్టిన రోజుల్లో యాప్‌లో ఆర్డర్లు వరుసకడతాయి గానీ తీసుకెళ్లే కుర్రాళ్లు దొరకరు. ఆ రోజులకు ఎక్కువ అంకె వేయకండి.

ప్రశ్న: మా హోటల్‌కు అప్పుడప్పుడు పెళ్లి ఆర్డర్లు వస్తాయి. ఒక్కొక్కటి రెండు మూడు లక్షలుంటుంది. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి నెలవారీ అంచనాలో కలపవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కలపకండి. పెళ్లిళ్లు పన్నెండు నెలలకు పంచుకుని రావు. ఆషాఢంలో, మూఢం ఉన్న రోజుల్లో ఒక్కటీ ఉండదు, ముహూర్తాలు తెరుచుకున్నాక ఒకే రోజు మూడు పిలుపులొస్తాయి, మీకున్న పాత్రలతో, మనుషులతో ఒక్కటే చేయగలరు. అందువల్ల ఏడాది పంచాంగంలో ముహూర్తాలున్న రోజులకు గుర్తు పెట్టి, క్యాటరింగ్‌కు వేరే కాగితం తీయండి. అడ్వాన్సు చేతికందిన ఆర్డర్లను పూర్తిగా, మాట మాత్రం అయినవాటిని సగంగా రాసుకోండి, “మా అబ్బాయి పెళ్లికి మీరే చేయాలి” అన్న పరిచయస్థుల మాటను మాత్రం అడ్వాన్సు అందేదాకా ఆ కాగితంలోకి రానివ్వకండి. పెద్ద ముహూర్తం ఉన్న రోజున ఊళ్లో సగం కుటుంబాలు ఫంక్షన్ హాళ్లలోనే భోంచేస్తాయి కాబట్టి, ఆ రోజు మీ హోటల్‌లో రాత్రి వచ్చే మనుషుల అంకెను తగ్గించి వేయడం మరవకండి.